పికప్ బండికి వానకప్పు: ఎంచుకొను విధము

పంట కోసి, నూర్చి, తూర్పారబట్టి, సంచుల కెత్తిన పిమ్మట రైతు ఊపిరి పీల్చుకొనును. కాని కల్లమునుండి మార్కెట్ యార్డునకు పోవు దారి ఇంకను మిగిలియే యున్నది. ఒకప్పుడు ఈ దారి రెండెద్దుల బండిమీద సాగెడిది. నేడు చాల గ్రామములలో ఆ పనిని పికప్ వ్యాను చేయుచున్నది. ఎద్దులు ఒక పూటలో నడచు దూరమును అది అరగంటలో దాటును. అయితే దాని వెనుక తొట్టి ఆకాశమునకు తెరచి యుండును. ఏడాది కష్టము తడిసిపోవుటకు పది నిమిషముల వాన చాలును. అందుచేత పికప్ తొట్టిపై వేసి తీయుటకు వీలైన మడత కప్పును ఎట్లు ఎంచుకొనవలెనో ఈ నెల పాఠకులకు వివరింపదలచితిమి.

కొంతకాలము క్రిందట మేము ఒక మిర్చి యార్డు వెలుపల బండ్ల వరుస ప్రక్కన నిలచి యుంటిమి. మధ్యాహ్నము మూడు గంటల వేళ మబ్బు పట్టి చినుకులు మొదలయ్యెను. మా ముందున్న పికప్‌లో సుమారు ముప్పది టిక్కీల మిర్చి కలదు. కప్పు లేదా యని అడుగగా, ఉన్నదని డ్రైవరు చెప్పెను. అది కొత్తది, దళసరిది, మంచి వెల పెట్టి కొన్నది. కాని తొట్టి యినుము ఒరుసుకొని గోతములు చిరుగకుండుటకై దానిని టిక్కీల అడుగున పరచిరట! ఆ రైతు భుజముమీది తువ్వాలు తీసి పై వరుసలో ఒక టిక్కీపై కప్పెను. ఆ తువ్వాలు ఆ ఒక్క టిక్కీకిని చాలలేదు.

తడిసిన మిర్చి రంగు చెడును, బూజు పట్టును. కొనువాడు ఒక టిక్కీలో చేయి పెట్టి చూచి బండి మొత్తమునకు ధర తగ్గించును. ధాన్యము సంగతియు అంతే. ప్రభుత్వ కొనుగోలులో ధాన్యమునకు తేమ 17 శాతము మించరాదు. కల్లములో 15 శాతమునకు ఎండిన ధాన్యము దారిలో తడిసినచో ఆ హద్దు దాటుటకు ఎంతో సేపు పట్టదు. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుఫాను బాపట్ల సమీపమున తీరము దాటినప్పుడు కోతల కాలము నడుచుచుండెను. అట్టి తుఫానును గూర్చి ముందుగా హెచ్చరిక వచ్చును. చైత్ర వైశాఖములలో కురియు అకాల వర్షమునకు అంతటి హెచ్చరికయు ఉండదు.

కనుక కప్పు కొనబోవువారు దుకాణములో మొదట దళసరి ఎంత, వెల ఎంత అని అడుగుట సరికాదని మా అభిప్రాయము. మొదట తెలిసికొనవలసినది వేరొకటి: బండి రోడ్డుమీద నుండగా, ఒక్క మనిషి దీనిని ఎంతసేపటిలో మూయగలడు? నలుగురు పట్టనిదే కదలని గట్టి కప్పు కంటె, డ్రైవరు ఒక్కడే నాలుగైదు నిమిషములలో లాగి కట్టగల సామాన్యపు కప్పు మేలు.

ఇక రకముల మాట. అంగళ్ళలో దొరకు బరకములు ముఖ్యముగా మూడు విధములు. మైనపు పూత గల నూలు కాన్వాసు పాతకాలపుది. తడిసినప్పుడు దాని దారములు ఉబ్బి సందులు మూసికొనును. లోని ఆవిరి కొంత బయటకు పోవును. కాని అది బరువైనది, తడిగా మడచి పెట్టినచో కుళ్ళిపోవును. రెండవది ప్లాస్టిక్ పట్టీలను నేసి ఇరువైపుల పొర అంటించిన పాలిథీన్ టార్పాలిన్. ఇది తేలిక, చవుక. మూడవది పాలియెస్టరు బట్టపై పి.వి.సి. పూత పూసినది, లారీలపై ఎక్కువగా కనిపించునది. ఇది గాలి తాకిడికి బాగుగ నిలచును, చిరిగినచో వేడి గాలితో అతికింపవచ్చును. వరి కుప్పలపై కప్పు పలుచని నల్ల ప్లాస్టిక్ షీటు నేలమీద పనికివచ్చునే గాని, పరుగెత్తు బండిమీద తాడు కట్టిన చోటనే చినుగును.

పాలిథీన్ టార్పాలిన్‌కు వాన కంటె ఎండయే పెద్ద శత్రువు. మన మే నెల ఎండలో, తగిన రక్షక పదార్థము కలుపని సరకు కొద్దికాలములోనే పెళుసై పొడి రాలును. ఐ.ఎస్. 7903 అను భారతీయ ప్రమాణపు గుర్తు ఉన్నదేమో చూడవలెను. దుకాణములోనే ఒక మూలను మడచి గోటితో గట్టిగా రుద్ది చూడుడు. మడత వెంట పొర లేచినచో దానిని వదలివేయుడు. ఇంటికి తెచ్చిన పిదప నాలుగు మూలలు ఎత్తికట్టి మధ్య గుంటలో ఒక బిందెడు నీరు పోసి, క్రింద పాత కాగితము పరచి రాత్రియంతయు ఉంచుడు. కుట్టు వెంట కాగితము తడిసినదా లేదా యన్నది తెల్లవారునప్పటికి తెలిసిపోవును. కప్పు కారునది చాలమట్టుకు బట్టలో కాదు, కుట్టులోను కంటి రంధ్రముల వద్దను. ఆ రంధ్రములకు వేసిన రింగులు అల్యూమినియమువి గాని ఇత్తడివి గాని యైనచో త్రుప్పు పట్టవు. అంచు మడతలో తాడు పోనిచ్చి కుట్టినది మరింత మన్నును.

కొలత విషయమున పొరపాటు పడువారు పెక్కుమంది. తొట్టి పొడవు 8½ అడుగులు, వెడల్పు 5½ అడుగులు అనుకొందము. సరకు అంచునకు పైన 3 అడుగులు లేచినదనుకొందము. కప్పు ఇరుప్రక్కల ఆ 3 అడుగులు దిగి, తొట్టి పలకపైకి మరియొక అడుగు రావలెను. అనగా పొడవు 16½, వెడల్పు 13½ అడుగులు కావలెను. అది 20 చదరపు మీటర్లకు పైమాట. చదరపు మీటరు 200 గ్రాముల సరకైనచో కప్పు మొత్తము 4 కిలోల చిల్లర తూగును. 600 గ్రాముల పి.వి.సి. అయినచో 12 కిలోలు దాటును. పొడి కప్పే అంత బరువు. తడిసినదానిని ఒక్కడు మోయవలెనన్న సంగతి కొనునప్పుడే తలచుకొనవలెను.

నీరు నిలువకుండుట మరియొక ముఖ్య విషయము. పై చెప్పిన తొట్టిమీద కప్పు గుంటపడి అంతట ఒక అంగుళము నీరు నిలచినచో అది సుమారు 110 లీటర్లు, అనగా 110 కిలోల బరువు. ఆ బరువునకు కుట్లు విడును. అందుచేత నడుమ వరుస సంచులను ఒక వరుస ఎత్తుగా పేర్చి, ఇంటి వెన్నుగాడివలె వాలు కల్పింపవలెను. గాలి సంగతి ఇంకను కఠినము. బండి గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు ఎదురుగాలి చదరపు మీటరుకు సుమారు 17 కిలోల త్రోపుడు కలిగించును. వేగము సగమైనచో ఆ త్రోపుడు నాలుగవ వంతే. కావున కప్పు ముందంచును క్యాబిను వెనుక కమ్మీకి మొట్టమొదట బిగింపవలెను. రెండు బరకములు వేయవలసి వచ్చినచో ముందుది వెనుకదానిపైకి రావలెను. తాటాకు ఇల్లు కప్పువానికి ఈ సూత్రము చెప్పనక్కరలేదు. పై ఆకు క్రింది ఆకును కప్పినప్పుడే నీరు జారును.

మడచు తీరులోనే సగము పని యున్నది. రెండు ప్రక్కల అంచులను చీర కుచ్చెళ్ళవలె నడుమకు మడచి, వెనుకనుండి ముందుకు చుట్టి, ఆ చుట్టను క్యాబిను వెనుక కమ్మీకి కట్టి యుంచుడు. చినుకు పడగానే ముడి విప్పి వెనుకకు లాగి, ప్రక్కలు క్రిందికి దించినచో చాలును. సరకు అడుగున పరచుటకు పాత గోనెపట్టలు వేరుగా ఉంచుకొనుడు.

బాడుగకు నిత్యము తిరుగు బండి యజమానులకు ఇనుప విల్లులపై ముందుకు వెనుకకు జరుగు గూడు కప్పు అనుకూలము. హార్మోనియము తిత్తివలె అది మడతపడి క్యాబిను వెనుకకు చేరును. పాల క్యానులకు, కూరగాయలకు, నారు మొక్కలకు మిక్కిలి బాగుండును. మడతకు తొట్టిలో కొంత చోటు పోవునన్న మాట నిజమే. అమెరికాలో పికప్‌లకు మూడు పలకలుగా మడతపడు గట్టి మూతలును కలవు. అవి తొట్టి అంచుతో సమముగా నుండును. అంచు దాటి పేర్చు మన టిక్కీలకు అవి కొరగావు. శాశ్వతముగా గూడు బిగింపదలచినవారు ముందు రవాణా కార్యాలయమున విచారించుకొనుట మంచిది. రిజిస్ట్రేషను పత్రములోని వివరములు మారునట్లు బండిని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను చెప్పుచున్నది. ఏ కప్పైనను వెనుక దీపములను, నంబరు పలకను మూయరాదు.

కప్పు వేసినంత మాత్రమున ధైర్యపడి నిద్రపోరాదు. పూర్తిగా ఎండని ధాన్యము లోలోపల వేడెక్కి చెమర్చును. ఆ ఆవిరి పాలిథీన్ లోపలి వైపు నీటి బొట్లై తిరిగి సంచులపైననే రాలును. మిల్లు వద్ద రాత్రి వరుసలో నిలచిన బండికి, వాన వెలిసిన వెంటనే కప్పు ప్రక్కలు పైకెత్తి గాలి తగులనీయవలెను. ఇంటికి వచ్చిన పిదప కప్పును నీడలో ఆరవేసి, ఎలుకలు చేరని చోట దండెముపై వేయవలెను.

సొంత బండి లేని రైతులే మన గ్రామములలో ఎక్కువ. వారు బాడుగ మాటలాడునప్పుడు కప్పు ఎవరిదో కూడ అప్పుడే తేల్చుకొనవలెను. బండి యజమానిది అన్నచో సరకు ఎక్కింపక మునుపే దానిని విప్పించి, వెలుతురుకు ఎత్తిపట్టి చూడుడు. సూదిమొన యంత వెలుతురు కనిపించిన చోటనెల్ల నీరు దిగును. కారునని తోచినచో ఇంటి బరకమును వెంట తీసికొనిపోయి, దానిని టిక్కీలపైననే ఉంచి కట్టించుడు.