యంత్రాన్ని విప్పకుండా దాని నడక తెలుసుకోవడం ఎలా?



ఫ్యాక్టరీల్లో ఆటోమేటిక్ యంత్రాలను పి.ఎల్.సి. అనే చిన్న కంప్యూటర్ నడుపుతుంది. యంత్రం పాతదైతే దాని ప్రోగ్రాం కాగితాలు ఒక్కోసారి దొరకవు. యంత్రాన్ని ఆపి విప్పడమూ కుదరదు. అప్పుడు దాని సిగ్నళ్ళను వరుసగా రాసుకుని, వాటి నుంచి నమూనా తయారుచేస్తారు. ఎలాగో చూద్దాం.

కూల్‌డ్రింక్ సీసాలు నింపే యంత్రం ఉందనుకోండి. నాలుగు సిగ్నళ్ళు గమనిద్దాం.

1. సీసా వచ్చిందా?
2. సీసా నిండిందా?
3. బెల్టు నడుస్తోందా?
4. వాల్వు తెరిచి ఉందా?

మొదటి రెండూ సెన్సార్లు చెప్పేవి. చివరి రెండూ పి.ఎల్.సి. ఇచ్చే ఆజ్ఞలు. అవునంటే 1, కాదంటే 0 వేయాలి.

బెల్టు ఖాళీగా నడుస్తోంది: 0010
సీసా వచ్చింది, బెల్టు ఆగింది, వాల్వు తెరుచుకుంది: 1001
సీసా నిండింది, వాల్వు మూసుకుంది, బెల్టు కదిలింది: 1110
సీసా వెళ్ళిపోయింది: మళ్ళీ 0010

ఒక్కో వరుసకు ఒక సున్నా చుట్టి, దేని తర్వాత ఏది వచ్చిందో బాణం గుర్తు వేయండి. ఇదే నమూనా!

దీని వల్ల లాభమేమిటి? ఒకరోజు 0001 వచ్చిందనుకోండి. సీసా లేకుండానే వాల్వు తెరుచుకుందన్నమాట. మన బొమ్మలో అది లేదు. వెంటనే గంట మోగించవచ్చు.

ఇక్కడే ఒక చిక్కుంది. ఆరు సీసాలకొకసారి పెట్టె మార్చడానికి బెల్టు ఆగుతుందనుకోండి. అప్పుడు 1110 తర్వాత 0000 వస్తుంది. మనం ఐదు సీసాలే చూసి లేచిపోతే, ఆరో సీసాకు గంట ఊరికే మోగుతుంది. ‘నాన్నా పులి’ కథ తెలుసు కదా! ఊరికే మోగే గంటను పనివాళ్ళు పట్టించుకోరు. నిజంగా ప్రమాదం వచ్చిన రోజూ పట్టించుకోరు.

పోనీ, 0000కి కూడా ఒక బాణం వేస్తే సరిపోతుందా? చాలదు. మూడో సీసాకే బెల్టు ఆగిపోయినా నమూనా ‘సరే’ అంటుంది. యంత్రం లోపల సీసాలు లెక్కపెడుతోంది, ఆ లెక్క బయటికి కనబడదు. కాబట్టి వెనక వచ్చిన వరుసలు కూడా చూడాలి. మొదటి సీసా 1110 వేరు, ఆరో సీసా 1110 వేరు.

యంత్రాన్ని బయటి నుంచే పరీక్షించి ఎంతవరకు తెలుసుకోవచ్చో 1956లోనే అమెరికా గణితవేత్త ఎడ్వర్డ్ మూర్ ఒక వ్యాసంలో చర్చించాడు.

గుర్తుంచుకోండి: మనం చూడనిదల్లా తప్పు కాదు. చూసినదంతా ఎప్పుడైనా జరగవచ్చనీ కాదు. ఎక్కువసేపు చూడాలి, వరుస తప్పకుండా రాయాలి.

ప్రశ్న: 1001 తర్వాత నేరుగా 0010 వస్తే ఏం జరిగి ఉండవచ్చు? రెండు కారణాలు చీటీ మీద రాసి ఈ పత్రిక పక్కన అంటించండి.