రూట్ చేతికొచ్చిన మా చిట్టికి

మాదాపూర్,
ఆదివారం మధ్యాహ్నం

చిట్టీ,

నీకు ప్రొడక్షన్ సర్వర్ల మీద రూట్ ఇచ్చారని అక్క ఫోన్ చేసి చెప్పింది. రూట్ అంటే ఏమిటో తనకి తెలియదు గానీ, ఆఫీసులో కూతుర్ని నమ్మారన్న సంగతి మాత్రం బాగా అర్థమైంది. ఈపాటికి ఖమ్మంలో మన వీధంతా తెలిసే ఉంటుంది. నాకూ చాలా సంతోషంగా ఉంది తల్లీ. కానీ రాత్రి నువ్వు పంపిన ఫైలు చూశాక సరిగా నిద్రపట్టలేదు. ఎక్కడో దొరికిన కెర్నెల్ సెట్టింగుల లిస్టు, ముప్ఫై నలభై లైన్లు, కింద నీ ప్రశ్న: "పిన్నీ, ఇవి పెడితే సర్వర్ ఫాస్ట్ అవుతుందట, పెట్టెయ్యనా?"

వద్దు. పెట్టకు. ఈ మాట వాట్సాప్‌లో అనేస్తే నొచ్చుకుంటావు, పైగా ఎందుకు వద్దో నీకు తెలియకుండా పోతుంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. అడిగావు, అదే చాలా మంచి పని చేశావు. అడక్కుండా పెట్టేసేవాళ్ళే ఎక్కువ.

నీ లిస్టులో "టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్" అని ఒక లైను ఉంది చూడు, ఎదురుగా 1. ఆ సెట్టింగును లైనక్స్ 4.12లో, అంటే 2017లో, కెర్నెల్ నుంచి పూర్తిగా తీసేశారు. నీ మెషీన్లో ఆ లైను లోడ్ చేస్తే అలాంటి ఫైలే లేదని ఎర్రర్ వస్తుంది. అంటే ఆ లిస్టు అంతకుముందు కాలానిది. అప్పటినుంచి ఎవరూ చదవకుండా ఒకరి దగ్గర్నుంచి ఒకరు కాపీ చేసుకుంటూ నీదాకా తెచ్చారు.

ఆ 1 నేనూ పెట్టానమ్మా. అప్పట్లో మేం చూసుకునే సైటుకి లోడ్ పెరిగి, టైమ్‌వెయిట్‌లో ఉన్న కనెక్షన్లు వేలల్లో కనపడేవి. ఎవరో రాసింది చదివి మార్చేశాను. ఆఫీసులో మాకు అంతా బాగానే తెరుచుకునేది. బయటి నుంచి మాత్రం ఒకటే ఫిర్యాదు: ఫోన్లో ఒకసారి వస్తోంది, ఇంకోసారి రావడం లేదు. కారణం ఇదీ. మొబైల్ కంపెనీలు ఎంతోమంది ఫోన్లను ఒకే ఐపీ అడ్రసు వెనక పెడతాయి. ఆ సెట్టింగు ఆన్‌లో ఉంటే కెర్నెల్ ఒక్కో ఐపీ నుంచి చివరగా వచ్చిన టైమ్‌స్టాంప్ గుర్తుపెట్టుకుంటుంది. అదే ఐపీ నుంచి అంతకంటే చిన్న టైమ్‌స్టాంప్‌తో కొత్త కనెక్షన్ వస్తే, ఏదో పాత ప్యాకెట్ అనుకుని చప్పుడు చెయ్యకుండా పడేస్తుంది. ఏ ఫోన్ లెక్క దానిది కదా, ఒకరు లోపలికొస్తే ఇంకొకరు బయటే ఉండిపోయేవాళ్ళు. అప్లికేషన్ లాగుల్లో ఒక్క ముక్క కనపడదు. అది నేను చేసిన మార్పు వల్లేనని తేలడానికి చాలా రోజులు పట్టింది, ఎందుకంటే మార్చానని ఎక్కడా రాసిపెట్టలేదు. మార్చే ముందు అక్కడ ఏముందో కూడా చూడలేదు.

కాబట్టి చిట్టీ, ముందు చూడటం నేర్చుకో. చూడటానికి చాలావరకు రూట్ కూడా అక్కర్లేదు, మామూలు యూజర్‌తోనే చెయ్యి. సిస్‌సీటీఎల్ మైనస్ ఏ అని కొడితే కెర్నెల్ సెట్టింగులు వందల లైన్లలో వస్తాయి. తేదీ పేరుతో ఒక ఫైల్లోకి మళ్ళించి దాచుకో. రేపు ఏదైనా తేడా వస్తే మళ్ళీ ఒకసారి తీసి, రెండింటికీ డిఫ్ కొడితే ఏం మారిందో బయటపడుతుంది. ఆ సెట్టింగులన్నీ /ప్రాక్/సిస్ కింద ఫైళ్ళలాగే కనపడతాయి. పేరులో చుక్క ఉన్నచోట స్లాష్ పెట్టుకుంటే దారి దొరుకుతుంది. కానీ అవి డిస్కు మీద ఉండవు. నువ్వు చదివినప్పుడు కెర్నెల్ తన దగ్గరున్న విలువను అప్పటికప్పుడు చూపిస్తుంది, నువ్వు రాస్తే అప్పటికప్పుడు తీసుకుంటుంది. "నిజంగానా?" అని ఒకసారి కూడా అడగదు. నాకున్న భయమంతా అదే.

ఇంకో లైను చూడు: వీఎం డాట్ స్వాపీనెస్ 0. ఇప్పుడు ఎంత ఉందో చూశావా? ఎవరూ ముట్టుకోకపోతే 60 ఉంటుంది. మెమరీ 60 శాతం నిండాక స్వాప్ మొదలవుతుందని ఇప్పటికీ ఇంటర్వ్యూల్లో చెప్పేవాళ్ళున్నారు. కాదు. మెమరీ ఖాళీ చెయ్యాల్సి వచ్చినప్పుడు ప్రోగ్రాముల పేజీలను స్వాప్‌కి పంపాలా, ఫైల్ కాష్‌ని వదిలెయ్యాలా అన్న తూకం అది. 5.8 కెర్నెల్ నుంచి 200 దాకా కూడా పెట్టొచ్చు. ఇక 0 అంటే, మెమరీ దాదాపు అయిపోయేదాకా స్వాప్ జోలికి వెళ్ళకు అని చెప్పడం. డేటాబేస్ మెషీన్ మీద అలా పెడితే, ఇరుకున పడిన రోజు ఓఓఎం కిల్లర్ వచ్చి అందరికంటే ఎక్కువ మెమరీ వాడుతున్న ఆ డేటాబేస్‌నే చంపొచ్చు. అందుకే చాలామంది అక్కడ 1 పెడతారు. 0కీ 1కీ మధ్య ఇంత సంగతి ఉంది. నీ లిస్టు రాసినాయన ఒక్క కామెంట్ కూడా పెట్టలేదు.

అన్నీ చెత్త అనడం లేదు, కోపం తెచ్చుకోకు. సొమాక్స్‌కాన్ లైను పనికొచ్చేదే. సాయంత్రం రాయదుర్గం మెట్రో గేట్ల దగ్గర లైను చూస్తుంటావుగా, అప్లికేషన్ ఇంకా లోపలికి తీసుకోని కనెక్షన్లు అలాగే నిలబడతాయి. ఆ లైను ఎంత పొడుగు ఉండొచ్చో చెప్పేది ఇదే. చాలా ఏళ్ళు 128 ఉండేది, 5.4 కెర్నెల్ నుంచి 4096 చేశారు. పెంచాలా వద్దా అన్నది లిస్టు చూసి కాదు, నెట్‌స్టాట్ మైనస్ ఎస్ కొట్టి చూసి చెప్పాలి. లిజన్ క్యూ పొంగిపోయిందన్న అంకె పెరుగుతూ ఉంటేనే దాన్ని ముట్టుకో. మార్చాక సర్వీసు రీస్టార్ట్ చెయ్యకపోతే ఆ పోర్టుకి పాత విలువే ఉంటుంది. అప్లికేషన్ తనంతట తాను తక్కువ అడిగితే అంతే దక్కుతుంది. ఎస్‌ఎస్ మైనస్ ఎల్‌ఎన్‌టీ కొట్టి సెండ్-క్యూ కాలమ్ చూస్తే నిజంగా ఎంత దక్కిందో తెలుస్తుంది.

మార్చేటప్పుడు ముందు సిస్‌సీటీఎల్ మైనస్ డబ్ల్యూతో, ఒక్క మెషీన్ మీద, ఒక్క సెట్టింగే మార్చు. వెంటనే మళ్ళీ చదివి చూసుకో. ఆ మార్పు రీబూట్‌తో పోతుంది. పోవడమే నీకు రక్ష, తప్పయితే పాతది తిరిగొస్తుంది. కానీ బాగా పనిచేసిందని తేలాక అలాగే వదిలేశావో, మూడు నెలలకి ప్యాచింగ్ కోసం రీబూట్ చేసిన రాత్రి ఆ సమస్యే మళ్ళీ లేస్తుంది. అప్పటికి నీకే గుర్తుండదు. అందుకని /ఈటీసీ/సిస్‌సీటీఎల్.డీ కింద నీ ఫైలు ఒకటి పెట్టు, పేరు ముందు అంకె వేసి. అక్కడి ఫైళ్ళను సిస్టమ్ పేర్ల వరుసలో చదువుతుంది, ఒకే సెట్టింగు రెండుచోట్ల ఉంటే చివర చదివినదే నిలుస్తుంది. ప్రతి లైను పైన హాష్ పెట్టి పాత విలువ, ఎందుకు మార్చావు, ఏ టికెట్, ఏ తేదీ అన్నవి రాయి. తెలుగులో రాసుకున్నా సరే, రాయడం మాత్రం మానకు. ఆ తర్వాత సిస్‌సీటీఎల్ మైనస్ మైనస్ సిస్టమ్ అని నడిపితే ఏయే ఫైళ్ళు చదివిందో వరుసగా చూపిస్తుంది. సుడో ఎకో అని /ప్రాక్‌లోకి మళ్ళించబోతే పర్మిషన్ లేదంటుంది, కంగారుపడకు. మళ్ళింపు చేసేది నీ షెల్లు, దానికి రూట్ లేదు. సుడో టీ వాడు.

మీరంతా కుబెర్నెటిస్ అంటారు కాబట్టి ఒక్క మాట. నెట్‌తో మొదలయ్యే సెట్టింగులు చాలావరకు పాడ్‌కి వేరుగా ఉంటాయి, వీఎంతో మొదలయ్యేవి నోడ్ మొత్తానికి ఒక్కటే. ఎలాస్టిక్‌సెర్చ్ మాక్స్ మ్యాప్ కౌంట్ 262144 కావాలని అడుగుతుంది చూడు, అది పెడితే ఆ నోడ్ మీద ఉన్న పక్క టీము పాడ్‌లకీ పెట్టినట్టే. వాళ్ళకి చెప్పి పెట్టు.

1998 నవంబరులో వాజ్‌పేయి వచ్చి సైబర్ టవర్స్ ప్రారంభించినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తర్వాత అమీర్‌పేటలో లైనక్స్ నేర్చుకుని ఇటు వచ్చాను. అప్పుడు మేం ఇక్కడ కూర్చున్నా సర్వర్లు అమెరికాలో ఉండేవి. కెర్నెల్ డాట్ పానిక్ అనే సెట్టింగు 0 ఉంటే కెర్నెల్ పడిపోయినప్పుడు మెషీన్ అలా బిగుసుకుపోయి ఉంటుంది. అర్ధరాత్రి అక్కడి డేటా సెంటర్‌కి ఫోన్ చేసి, ఎవరో ఒకరు లేచెళ్ళి బటన్ నొక్కేదాకా ఎదురుచూసేవాళ్ళం. 10 పెట్టి ఉంటే పది సెకన్లకి దానంతటదే రీబూట్ అవుతుంది. 2022 నవంబరులో అమెజాన్ తన క్లౌడ్‌కి హైదరాబాద్ రీజియన్ తెరిచింది, నీ మెషీన్లు అక్కడే ఉన్నాయన్నావు. ఎంత దగ్గరున్నా నువ్వు వెళ్ళి ఆ బటన్ నొక్కలేవు. కాబట్టి ఆ ఒక్క విలువ ఎంతుందో ఈరోజే చూసి పెట్టుకో.

మంగళవారం చేంజ్ విండో అన్నావు కదా. ఆ లోపు స్టేజింగ్ మెషీన్లో సిస్‌సీటీఎల్ మైనస్ ఏ కొట్టి ఆ ఫైలు నాకు పంపు. నీ లిస్టు పక్కన పెట్టుకుని ఒక్కో లైనూ కలిసి చూద్దాం. మిగిలే లైన్లు ఏ నాలుగో ఐదో ఉంటాయి, వాటికి కారణాలు నువ్వే రాయాలి, నేను చదువుతాను. రాత్రి ఎంతసేపైనా మేలుకునే ఉంటాను, ఫోన్ చెయ్యడానికి మొహమాటపడకు. విండో ఉన్న రోజు ఉత్త టీలతో సరిపెట్టకు, ఆఫీసుకి వెళ్ళేముందు ఇక్కడికొచ్చి అన్నం తినేసి వెళ్ళు.

ప్రేమతో,
పిన్ని