ట్రెల్లో నుంచి ఆసనాకు టాస్కులు: ఆటోమేషన్ ఆన్ చేసే ముందు ఇవి చూసుకోండి

మా కాలేజీ ఫెస్ట్ అప్పుడు డిజైన్ టీమ్ ఒక టూల్‌లో, స్పాన్సర్‌షిప్ టీమ్ ఇంకో టూల్‌లో ఉండేవి. రెండింట్లోనూ ఒకే పనిని చేత్తో ఎక్కించే డ్యూటీ నాది. విసుగొచ్చి ఓ రాత్రి రెండు వైపులా ఆటోమేషన్ పెట్టి పడుకున్నా. పొద్దున చూస్తే "పోస్టర్ డిజైన్" అనే ఒక్క టాస్కుకే పేజీల కొద్దీ కాపీలు! ఆ నెల ఫ్రీ కోటా మొత్తం హాం ఫట్. తప్పు టూల్స్‌ది కాదు, నాదే.

అసలేం జరిగిందో ట్రెల్లో, ఆసనా ఉదాహరణతో చూద్దాం. జేపియర్, మేక్, ఎన్8ఎన్... ఏది వాడినా పద్ధతి ఒకటే. ట్రెల్లోలో కొత్త కార్డు పడటం ట్రిగ్గర్, ఆసనాలో టాస్క్ క్రియేట్ చేయడం యాక్షన్. ఇంతవరకూ ఓకే. ఆసనా నుంచి ట్రెల్లోకి కూడా ఇలాంటిదే పెట్టారనుకోండి, మొదటి ఆటోమేషన్ చేసిన టాస్కును రెండోది "కొత్తది" అనుకుంటుంది. దానికి ఇంకో కార్డు తయారు చేస్తుంది. మొదటిది మళ్లీ నిద్ర లేస్తుంది. ఇక ఆగదు.

దీన్ని ఆపాలంటే టాస్కు మీద గుర్తు ఉండాలి. ఆసనా టాస్క్ క్రియేట్ చేసేటప్పుడే డిస్క్రిప్షన్‌లో ట్రెల్లో కార్డు లింక్ పెట్టేయండి. తిరుగు దారిలో మొదటి స్టెప్‌గా ఫిల్టర్ పెట్టండి: డిస్క్రిప్షన్‌లో ట్రెల్లో లింక్ ఉంటే అక్కడే ఆగిపోవాలి. అటు నుంచి వచ్చే కార్డుల్లోనూ ఇలాగే ఆసనా లింక్ పెట్టి, ఇటువైపు ఫిల్టర్ చేయాలి. "గూగుల్ షీట్‌లో ఐడీలు రాసుకుంటే సరిపోదా?" అంటారా? నేనూ ట్రై చేశా. షీట్‌లో రో పడేలోపే అవతలి ట్రిగ్గర్ వచ్చేస్తే డూప్లికేట్ తప్పదు. లింక్ అయితే టాస్కుతో పాటే పుడుతుంది కాబట్టి ఆ గ్యాప్ ఉండదు. నిజానికి రెండు వైపులా సింక్ చాలామందికి అవసరమే లేదు. ఒక వైపుతో మొదలుపెట్టండి.

పాత కార్డుల సంగతి వేరు. "కొత్త కార్డు" ట్రిగ్గర్ మీరు ఆన్ చేసిన తర్వాత వచ్చినవాటినే పట్టుకుంటుంది. బోర్డులో ఉన్న 200 కార్డులు వాటంతట అవి కదలవు. ఎన్8ఎన్‌లో అయితే ఒక లిస్టులోని కార్డులన్నీ తెప్పించి ఒక్కొక్కటీ పంపే వర్క్‌ఫ్లో చేసి, దాన్ని ఒక్కసారి మాన్యువల్‌గా రన్ చేస్తే చాలు. చెక్‌లిస్టులు మాత్రం విడిగా తెచ్చి సబ్‌టాస్కులుగా మార్చాలి. మర్చిపోతే కార్డు వస్తుంది, లోపలి పని రాదు.

ఇంకో ట్రాప్ డ్యూ డేట్. ట్రెల్లో ఏపీఐ టైమ్‌ను యూటీసీలో ఇస్తుంది. మన టైమ్ దానికంటే 5:30 గంటలు ముందు. మార్చి 10 అర్ధరాత్రి 12:30 డెడ్‌లైన్ అక్కడ మార్చి 9 రాత్రి 7:00 అవుతుంది. మీరు తేదీ వరకే కత్తిరించి ఆసనాకు పంపితే డెడ్‌లైన్ ఒక రోజు ముందుకు జరిగిపోతుంది. పగటిపూట డెడ్‌లైన్లతో టెస్ట్ చేస్తే ఈ బగ్ అస్సలు కనిపించదు. సొంతంగా ఎన్8ఎన్ ఇన్‌స్టాల్ చేసుకున్నవాళ్లు టైమ్‌జోన్ తప్పకుండా చూసుకోండి. డిఫాల్ట్‌గా న్యూయార్క్ ఉంటుంది, ఏషియా/కోల్‌కతాకు మార్చాలి.

ముందు టెస్ట్ బోర్డులో మూడు కార్డులు చాలు: ఒకటి చెక్‌లిస్టుతో, ఒకటి అర్ధరాత్రి దాటాక డెడ్‌లైన్‌తో, ఒకటి ఖాళీ డిస్క్రిప్షన్‌తో. అవి సరిగ్గా వస్తేనే అసలు బోర్డు జోలికి వెళ్లండి. అంతా అయ్యాక కూడా పాత బోర్డును డిలీట్ చేయొద్దు, క్లోజ్ చేయండి. ఏదైనా మిస్సయితే మళ్లీ ఓపెన్ చేసుకోవచ్చు.