దొంగతనం వేరు, మోసం వేరు



వాకాడు తీరాన రొయ్యల గుంటలు సాగుచేసే ఒక రైతును ఊహించుకోండి. రాత్రివేళ ఎవరో గట్టుమీది మోటారు ఎత్తుకుపోయారు. ఇది దొంగతనం. మరొకనాడు ఒక వ్యాపారి వచ్చి, లేని కంపెనీ పేరు చెప్పి, వారంలో డబ్బు ఇస్తానని నమ్మించి, రొయ్యలు లారీకెత్తించుకుని మాయమయ్యాడు. ఇది మోసం. రెండింటిలోను రైతు నష్టపోయాడు. మరి తేడా ఏమిటి?

దొంగ మన సమ్మతి లేకుండా తీసుకుంటాడు. మోసగాడు అబద్ధమాడి మన చేతనే ఇప్పించుకుంటాడు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో దొంగతనానికి 379, మోసగించి సొత్తు రాబట్టడానికి 420 సెక్షన్లు ఉండేవి. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అవి 303, 318 సెక్షన్లు అయ్యాయి. మామూలు దొంగతనానికి 3 ఏళ్ల వరకు, ఇటువంటి మోసానికి 7 ఏళ్ల వరకు జైలుశిక్ష పడవచ్చు. "నీ చేతులతో నీవే ఇచ్చావు కదా" అని చట్టం బాధితుణ్ణి తప్పుపట్టదు.

అయితే బాకీపడిన ప్రతివాడూ మోసగాడు కాడు. వ్యాపారి నిజాయితీగానే సరుకు కొని, ధర పడిపోయి చెల్లించలేకపోతే అది బాకీ. దానిని సివిల్ కోర్టులో తేల్చుకోవాలి. మోసమనాలంటే మాట ఇచ్చిన నాడే దురుద్దేశం ఉండాలని 2000లో హృదయరంజన్ ప్రసాద్ వర్మ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కోపంకొద్దీ బాకీదారుపై మోసం కేసు పెట్టడమూ అన్యాయమే.

మన రాష్ట్రంలోని అగ్రిగోల్డ్ వ్యవహారం గుర్తుందా? గడువు తీరాక స్థలమో, సొమ్మో ఇస్తామంటే లక్షల కుటుంబాలు డిపాజిట్లు కట్టాయి. చెల్లింపులు ఆగిపోగా, మోసం ఆరోపణలపై 2015లో సి.ఐ.డి. దర్యాప్తు చేపట్టింది. ప్రభుత్వం 2019లో 10 వేల రూపాయల లోపు, 2021లో 20 వేల లోపు డిపాజిటుదారులకు సొమ్ము చెల్లించినప్పుడు బాండ్లు, రసీదులు చూసే ఇచ్చింది. కాగితం దాచుకున్న ఇల్లాలి జాగ్రత్త ఆనాడు అక్కరకు వచ్చింది.

కనుక డబ్బు ఇచ్చేముందు ఎదుటివారి పేరు, చిరునామా విచారించండి. రసీదు అడగండి, అడిగింది బంధువునైనా సరే. మోసపోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే ఆధారాలతో పోలీస్ స్టేషనుకు వెళ్లండి. ఫోను ద్వారా సొమ్ము పోతే ఆలస్యం చేయక 1930 నంబరుకు తెలపండి.

ఏడవ ఆజ్ఞ గోడదూకిన దొంగకే కాదు, తీపిమాటలతో పొరుగువాని కష్టార్జితం కాజేసేవానికి కూడా వర్తిస్తుంది. మోసపోయినవాడు మన విచారణలో ఉంటే అతణ్ణి ఎగతాళి చేయక తోడుగా నిలబడదాం.