రెండు డిస్కులున్నాయి కదా, ఇంకేం భయం?

ప్రశ్న: పుత్తూరులో ఫొటో స్టూడియో నడుపుతున్నాను. పదేళ్ల పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు రెండు డిస్కుల నాస్‌లో (నెట్‌వర్క్‌కు తగిలించే స్టోరేజి పెట్టెలో) ఉన్నాయి. ఒకటి పోయినా రెండోది కాపాడుతుందని అమ్మినాయన చెప్పాడు. మళ్లీ వేరే బ్యాకప్ దేనికి?

జవాబు: ఈ మాట చెప్పి నాస్ అమ్మేవాళ్లందరినీ వరసగా నిలబెట్టి గుంజీలు తీయించాలి. ఒక డిస్కు చెడితే రెండోదానితో మీ పని ఆగకుండా నడుస్తుంది, అంతవరకే దాని ఉపయోగం. మీ కుర్రాడు పొరబాటున ఒక పెళ్లి ఫోల్డర్ చెరిపేశాడనుకోండి, రెండో డిస్కులోనూ అదే క్షణంలో చెరిగిపోతుంది. పిడుగు పడితే రెండూ కలిసే పోతాయి. దొంగ వస్తే పెట్టెతో సహా ఎత్తుకుపోతాడు.

ఇక ఇంటర్నెట్ దొంగల సంగతి. 2017 మేలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై అనే వైరస్ మన చిత్తూరు జిల్లా పోలీసుల కంప్యూటర్లనే వదల్లేదు. 2021 జూన్‌లో వెస్టర్న్ డిజిటల్ వాళ్ల మై బుక్ లైవ్ స్టోరేజి పెట్టెలు వాడేవాళ్లు ఎందరో చూసుకునేసరికి పెట్టె ఖాళీ, ఎవరో దూరం నుంచే ఫ్యాక్టరీ రీసెట్ కొట్టారు. 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే అలాంటిదే ఇంకో వైరస్ పనిగట్టుకుని క్యూనాప్ కంపెనీ నాస్‌ల మీద పడి, ఫైళ్లకు తాళం వేసి 0.03 బిట్‌కాయిన్ అడిగింది. ఎముక విరిగితే మీ ఊళ్లో ఆకుపసరు, కోడిగుడ్డు, వెదురుబద్దలతో కట్టేస్తారు గానీ, తాళం పడ్డ ఫైలుకు పుత్తూరు కట్టు లేదు.

ఒక యూఎస్‌బీ డిస్కు కొనండి. వారానికోసారి తగిలించి, బ్యాకప్ కాగానే పీకేయండి. తగిలించి వదిలేసిన డిస్కుకు కూడా తాళం పడుతుంది. ఇంకొకటి తిరుపతిలోనో చెన్నైలోనో చుట్టాలింట్లో పెట్టండి. తిరుపతి అయితే మేడమీద పెట్టమనండి, ఊరిని ముంచిన 2021 నవంబరు వానలు గుర్తున్నాయి కదా.

ప్రశ్న: బ్యాకప్ డిస్కును నాస్ పక్క బీరువాలోనే పెడితే చాలదా?

జవాబు: చాలదు. మదనపల్లె సబ్ కలెక్టర్ కార్యాలయంలో 2024 జూలై 21 రాత్రి మంటలు రేగి ఎన్నో ఫైళ్లు కాలిపోయాయి. అలా మీ గది అంటుకుంటే నాస్‌తో పాటు పక్క బీరువాలోని డిస్కూ పోతుంది.

ప్రశ్న: నగరిలో ట్యాక్స్ ప్రాక్టీసు చేస్తున్నాను. నాస్‌లోని ఫోల్డర్లన్నీ రోజూ బ్యాకప్ అవుతున్నాయి. ‘మొత్తం సిస్టమ్’ అని ఇంకో ఆప్షన్ కనిపిస్తోంది. అదీ కావాలా?

జవాబు: కావాలమ్మా. ఫోల్డర్ల బ్యాకప్‌లో మీ ఫైళ్లు మాత్రమే ఉంటాయి. ఏ గుమస్తా ఏ ఫోల్డర్ చూడొచ్చు, ఏ యాప్ ఎలా నడవాలి, రాత్రి బ్యాకప్ ఎన్నింటికి అన్నవి ఉండవు. పెట్టె చచ్చిన రోజు ఇవన్నీ జ్ఞాపకం మీద మళ్లీ కట్టుకోవాలి, అదీ 20వ తేదీ జీఎస్టీ రిటర్ను గడువు ముందు. సినాలజీ నాస్ అయితే దాని ఆపరేటింగ్ సిస్టమ్ డీఎస్ఎం 7.2 నుంచి హైపర్ బ్యాకప్ యాప్‌లో ఈ ‘మొత్తం సిస్టమ్’ సదుపాయం ఉంది. మరో కంపెనీదైతే కనీసం సెట్టింగుల ఫైలు డౌన్‌లోడ్ చేసి బయట దాచండి.

మీరు అడగకపోయినా చెబుతున్నాను: ఒక్కసారైనా రిస్టోర్ చేసి చూశారా? పచ్చటి టిక్కు మార్కును నమ్మకండి. ఒక శనివారం నాస్ ఆపి, డిస్కులు తీసి, ఏది ఏ గడిలోదో స్టిక్కరు మీద రాసి పక్కన పెట్టండి. ఖాళీ డిస్కు వేసి, నాస్ కొత్తదే అనుకుని బ్యాకప్ నుంచి మొత్తం వెనక్కి తెచ్చుకోండి. గుమస్తా లాగిన్‌తో ఒక ఎక్సెల్ ఫైలు తెరవండి. గడియారం కూడా చూసుకోండి. సెకనుకు 100 మెగాబైట్ల వేగంతో 4 టెరాబైట్లు రావడానికి 11 గంటలు దాటుతుంది. ఆ 11 గంటలు ఆఫీసు ఎలా నడుస్తుందో ఆలోచించుకోవాల్సింది ఇప్పుడే.

ప్రశ్న: బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. మరిచిపోకుండా నాస్‌లోనే ఒక ఫైలులో రాసుకున్నాను.

జవాబు: నాస్ పోయిన రోజు ఆ ఫైలు ఎక్కడ తెరుస్తారు నాయనా? కాగితం మీద రాసి ఇంటి దస్తావేజులతో పెట్టండి.

ప్రశ్న: కరెంటు మాటిమాటికీ పోతోంది. యూపీఎస్ కొనాలా, బ్యాకప్ డిస్కు కొనాలా?

జవాబు: ముందు డిస్కు. తర్వాత యూపీఎస్, అదీ నాస్‌కు యూఎస్‌బీ తీగతో తగిలించగలిగేది. కరెంటు పోయిందని అది నాస్‌కు చెబుతుంది, బ్యాటరీ అయిపోకముందే నాస్ తనంతట తాను పద్ధతిగా ఆగుతుంది. ఇంట్లో ఇన్వర్టర్ ఉందిగా అంటారేమో, మామూలు ఇన్వర్టర్‌కు ఆ తీగ ఉండదు.