అటక మీది టేపులు
(పేరు రాని రాక్ బ్యాండ్ల గురించి ఒక పాఠం)

బ్యాండు అనగానే మనకు గుర్తొచ్చేది పెళ్లి ఊరేగింపులో ముందు నడిచే బ్యాండు మేళం. వాళ్లు వాయిస్తుంటే మనం చెమటలు కారేలా ఎగిరాం. కానీ వాయించిన వాళ్లలో ఒక్కరి పేరైనా చెప్పమంటే మనలో చాలామందిమి తల గోక్కుంటాం. పాట మనకు కావాలి, పాట పాడిన మనిషి అక్కర్లేదు! ఇది మన ఊళ్లో మాత్రమే జరిగేది కాదు. రాక్ సంగీతానికి పుట్టినిల్లయిన అమెరికాలోనూ ఇదే జరిగింది. ఆ కథ మన హాస్టల్ తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ ఉపయోగపడుతుందని ఈ వ్యాసం రాస్తున్నాం.

రాక్ బ్యాండు అంటే?

రాక్ బ్యాండులో సాధారణంగా ముగ్గురి నుంచి ఐదుగురి వరకు ఉంటారు. ఒకరు కరెంటుతో పనిచేసే గిటారు వాయిస్తారు. ఇంకొకరు లావు తీగల బేస్ గిటారు మీద కింది స్థాయి ధ్వని ఇస్తారు. మరొకరు డ్రమ్స్ కొడతారు. వీళ్లలోనే ఒకరు పాడతారు, లేదా పాడడానికి వేరే మనిషి ఉంటారు. పాటలు చాలావరకు వాళ్లే రాసుకుంటారు, వాళ్లే బాణీ కట్టుకుంటారు.

ఈ సంగీతం ఎవరి చేతుల్లో పుట్టింది? అమెరికాలోని నల్లజాతి ప్రజల బ్లూస్ పాటల నుంచీ, చర్చి పాటల నుంచీ పుట్టింది. సిస్టర్ రొసెట్టా థార్ప్ అనే నల్లజాతి మహిళ 1940ల నాటికే ఎలక్ట్రిక్ గిటారు పట్టుకుని సభలను ఊపేసింది. రాక్ సంగీత గౌరవ మందిరం 'రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్'లో ఆమెకు చోటు దొరికింది 2018లో. ఆమె చనిపోయింది 1973లో! బిగ్ మామా థార్న్‌టన్ 1952లో రికార్డు చేసిన 'హౌండ్ డాగ్' పాటను 1956లో ఎల్విస్ ప్రెస్లీ పాడాడు. ఈ రోజు ఆ పాట పేరు చెబితే లోకానికి గుర్తొచ్చేది ఎల్విస్సే. డప్పు ఎవరు కట్టారో, దరువు ఎవరిదో, దండ ఎవరి మెడలో పడుతుందో తెలిసిన మనకు ఈ సంగతి వేరే వివరించనక్కర్లేదు.

డెట్రాయిట్ అన్నదమ్ములు

ఇక మన కథలోకి వద్దాం. డెట్రాయిట్ కార్ల ఫ్యాక్టరీల నగరం. నల్లజాతి కళాకారుల పాటలను దేశమంతా వినిపించిన మోటౌన్ రికార్డు కంపెనీ 1959లో అక్కడే పుట్టింది. ఆ ఊళ్లో హాక్నీ కుటుంబం ఉండేది. డేవిడ్, డానిస్, బాబీ అని ముగ్గురు అన్నదమ్ములు. 1964 ఫిబ్రవరిలో బీటిల్స్ బృందం మొదటిసారి అమెరికా టీవీలో పాడినప్పుడు తండ్రి కొడుకులను కూర్చోబెట్టి చూపించాడు. పెద్దవాడైన డేవిడ్ మనసులో సంగీతం నాటుకున్నది అప్పుడే.

1971లో ముగ్గురూ ఇంట్లోనే సాధన మొదలుపెట్టారు. డేవిడ్‌ది గిటారు. డానిస్‌ది డ్రమ్స్. చిన్నవాడు బాబీ బేస్ వాయిస్తూ పాడేవాడు. మొదట్లో నల్లజాతి పేటల్లో అందరూ వాయించే ఫంక్ సంగీతమే వాయించారు. తర్వాత డేవిడ్ తమ్ముళ్లను రాక్ వైపు తిప్పాడు. చుట్టుపక్కల వాళ్లకు ఇది నచ్చలేదు. 'ఇది తెల్లవాళ్ల పాట, మీకెందుకు?' అన్నారు. ఎంత విచిత్రమో చూడండి! తాతలు కట్టిన ఇంటికి మనవలు వస్తే, 'మీరు ఎవరు?' అని అడిగినట్లుంది.

అదే కాలంలో తండ్రి ప్రమాదంలో మరణించాడు. ఆ దుఃఖంలోంచి డేవిడ్‌కు ఒక ఆలోచన వచ్చింది. చావు అంటే అందరూ భయపడతారు, దాన్ని భయం లేని మాటగా మార్చాలి అనుకున్నాడు. బ్యాండుకు 'డెత్' అని పేరు పెట్టాడు. డెత్ అంటే మరణం.

ఒక్క పేరు కోసం

1975లో డెట్రాయిట్‌లోని యునైటెడ్ సౌండ్ స్టూడియోలో వీళ్లు పాటలు రికార్డు చేశారు. పెద్ద రికార్డు కంపెనీ అధిపతి క్లైవ్ డేవిస్‌కు ఆ పాటలు నచ్చాయి. అంత పెద్ద కంపెనీ పిలవడం అంటే మాటలు కాదు. కానీ ఒక షరతు పెట్టారు. పేరు మార్చుకోవాలి. డేవిడ్ ఒప్పుకోలేదు. తమ్ముళ్లకు లోపల బాధ ఉన్నా అన్నను విడిచిపెట్టలేదు. కంపెనీ తప్పుకుంది. పన్నెండు పాటలు అనుకున్నది ఏడు పాటలతోనే ఆగిపోయింది.

1976లో సొంత ఖర్చుతో రెండు పాటలున్న చిన్న రికార్డు వేయించారు. వేసినవి 500 కాపీలు. యుద్ధానికి పిల్లలను పంపే రాజకీయ నాయకుల మీద రాసిన 'పొలిటీషియన్స్ ఇన్ మై ఐస్' అందులో ఒకటి. రేడియో వాళ్లు పట్టించుకోలేదు. 1977లో అన్నదమ్ములు డెట్రాయిట్ వదిలి వెర్మాంట్ రాష్ట్రంలోని బర్లింగ్టన్ చేరారు. అక్కడ ఫోర్త్ మూవ్‌మెంట్ పేరుతో భక్తి రాక్ పాడారు. 1982లో డేవిడ్ డెట్రాయిట్‌కు తిరిగి వెళ్లిపోయాడు. తమ్ముళ్లిద్దరూ అక్కడే ఉండి ల్యాంబ్స్‌బ్రెడ్ అనే రెగె బృందం నడిపారు.

డేవిడ్ ఆ ఏడు పాటల అసలు టేపులను తమ్ముడు బాబీ చేతిలో పెట్టి, జాగ్రత్తగా దాచమన్నాడు. ఏదో ఒక రోజు లోకం వీటిని వెతుక్కుంటూ వస్తుందని చెప్పాడు. 2000లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూశాడు.

లోకం వచ్చింది

ఆ 500 రికార్డుల్లో కొన్ని పాత రికార్డులు సేకరించే వాళ్ల చేతికి చిక్కాయి. ఒకరి నుంచి ఒకరికి పాకి అరుదైన వస్తువులయ్యాయి. బాబీ కొడుకులు పెద్దవాళ్లయ్యారు. వాళ్ల తండ్రికి ఇలాంటి బ్యాండు ఉండేదని వాళ్లకు తెలియదు. ఎక్కడో ఆ పాట విన్న కొడుకు 'ఇది మా నాన్న గొంతు!' అని గుర్తుపట్టాడు. అటక మీది టేపులు కిందికి దిగాయి. 2009లో చికాగోలోని డ్రాగ్ సిటీ అనే చిన్న కంపెనీ ఆ ఏడు పాటలనూ ఆల్బమ్‌గా విడుదల చేసింది. రికార్డయిన 34 ఏళ్లకు! 2012లో 'ఎ బ్యాండ్ కాల్డ్ డెత్' అనే డాక్యుమెంటరీ వచ్చింది. కొడుకులు రఫ్ ఫ్రాన్సిస్ అనే బ్యాండు పెట్టి తండ్రి, పెదనాన్నల పాటలు వాయించారు.

ఈ పాటల విలువ ఎక్కడుంది? సూటిగా, వేగంగా, ఆడంబరం లేకుండా వాయించే రాక్‌ను పంక్ అంటారు. ఈ పద్ధతికి పెద్ద పేరు తెచ్చిన రామోన్స్ మొదటి ఆల్బమ్ 1976లో వచ్చింది. డెత్ పాటలు 1975లోనే రికార్డయ్యాయి. అంటే ఒక కొత్త దారి మొదట్లోనే నడిచిన వాళ్లలో ఈ ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లూ ఉన్నారన్నమాట. చరిత్ర పుస్తకాల్లో ఆ పేజీ 34 ఏళ్లు ఖాళీగా ఉంది.

మంచి పాట ఎందుకు వినబడదు?

దీనికి కారణాలను మనం వరుసగా అర్థం చేసుకోవాలి.

1. గదుల విభజన: నల్లవాళ్ల రేడియో స్టేషన్లు సోల్, ఫంక్ వేసేవి. రాక్ స్టేషన్లు తెల్లవాళ్ల బృందాలను వేసేవి. రెండు గదుల్లోనూ ఇమడని వాడు వాకిట్లో నిలబడాలి.

2. తలుపు దగ్గర మనిషి: పాట జనం దాకా చేరాలంటే కంపెనీ, రేడియో, దుకాణం అనే మూడు తలుపులు దాటాలి. మొదటి తలుపు మూసుకుంటే మిగతావి కనబడవు కూడా.

3. డబ్బు: 500 కాపీలు వేసిన వాడు దేశమంతా పంచలేడు. పాట బాగుండడం వేరు, దొరకడం వేరు.

4. ముందే తీర్పు: ఎవరు ఏం చేయగలరో మనిషిని చూసి ముందే అనుకోవడం. 1969లో మొదలైన ఫ్యానీ అనే అమ్మాయిల రాక్ బ్యాండు దీనికి ఇంకో ఉదాహరణ. మనీలాలో పుట్టి అమెరికా చేరిన జూన్, జీన్ మిల్లింగ్టన్ అనే అక్కచెల్లెళ్లు దానికి ప్రాణం. 1970 నుంచి పెద్ద కంపెనీ ద్వారానే ఆల్బమ్‌లు వేశారు. అయినా 1975 నాటికి బ్యాండు విడిపోయింది, జనం మరిచిపోయారు. 1999లో ప్రసిద్ధ గాయకుడు డేవిడ్ బౌవీ వాళ్లను మెచ్చుకుంటూ మాట్లాడాక మళ్లీ కొందరు వెతికారు.

ఈ గోడలను చూసి కొందరు ఊరుకోలేదు. 1985లో న్యూయార్క్‌లో గిటారిస్టు వెర్నన్ రీడ్, మిత్రులు కలిసి బ్లాక్ రాక్ కోయలిషన్ అనే సంఘం పెట్టారు. రాక్ మాది కూడా అని చెప్పడమే దాని పని. ఒంటరిగా తలుపు తట్టే బదులు పదిమంది కలిసి తట్టారు.

డేవిడ్ చేసింది ఒప్పేనా?

ఈ కథ మా గదిలో చెప్పుకున్న రాత్రి మాలో మాకే వాదన వచ్చింది. 'పేరులో ఏముంది? మార్చుకుని ఉంటే అన్నం పెట్టేది కదా' అని కొందరం అన్నాం. 'పేరు మార్చమన్న వాడు రేపు పాట మార్చమంటాడు' అని కొందరం అన్నాం. రెండింటిలోనూ నిజం ఉంది. డేవిడ్ మాట నిలబెట్టుకున్నాడు. దానికి మూల్యమూ చెల్లించాడు. తన పాటకు లోకం చప్పట్లు కొట్టడం కళ్లారా చూడలేదు. దీన్ని గొప్ప విజయం అని తేలిగ్గా చెప్పేస్తే అతని కష్టాన్ని తక్కువ చేసినట్లే. ప్రతిభ ఎప్పటికైనా బయటపడుతుందని పెద్దలు అంటారు. మేము అలా అనం. తమ్ముడు టేపులు దాచకపోతే ఆ ప్రతిభ చెత్తకుప్పలో కలిసిపోయేది. దాచే వాళ్లు ఉంటేనే బయటపడుతుంది.

మాకు ఈ కథ ఇంతగా పట్టుకోవడానికి వేరే కారణం ఉంది. పై చదువులకు వెళ్లిన కొత్తలో 'ఎక్కడ ఉండి చదివావు?' అని అడిగితే మాలో కొందరం వెల్ఫేర్ హాస్టల్ అని చెప్పలేదు. 'బంధువుల ఇంట్లో' అన్నాం. ఎవరూ మార్చమనకుండానే మా చిరునామా మేమే మార్చుకున్నాం. ఒక కుర్రాడు అంత పెద్ద కంపెనీ ముందు తన పేరు వదలనన్నాడని తెలిశాక మాకు సిగ్గేసింది. ఇప్పుడు అడిగిన వాళ్లకు హాస్టల్ పేరు, గది నంబరుతో సహా చెబుతున్నాం.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! వార్షికోత్సవం రాత్రి స్టేజీ మీద పాడే వాళ్లు మీలో ఉన్నారు. ట్రంకు పెట్టె మీద దరువేసే వాళ్లున్నారు. నోటు పుస్తకం వెనక పేజీల్లో పాటలు రాసుకునే వాళ్లున్నారు. వాటిని రికార్డు చేయండి. కింద పేరు, ఊరు, తేదీ రాయండి. పక్కవాడి పాటనైనా సరే దాచి ఉంచండి. సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు మీ ఊరి బ్యాండు మేళం వాళ్ల పేర్లు అడిగి రాసుకు రండి. వచ్చే సంచికలో ఆ పేర్లు అచ్చువేద్దాం.

ఆలోచించండి:
1. పేరు మార్చుకోమంటే మీరైతే ఏం చేస్తారు? ఎందుకు?
2. మీ ఊళ్లో బాగా పాడి కూడా పేరు రాని వారెవరు? ఏ తలుపు దగ్గర ఆగిపోయారు?
3. మీ ఇంటి అటక మీద ఏముందో ఎప్పుడైనా చూశారా?