పంచాంగములో గణిత పాఠము

గణితమనగానే జంకు విద్యార్థి ఇంటి గోడకు వ్రేలాడు క్యాలెండరును చూచి జంకడు. అందున్నదియు గణితమే యని చూపుట ఈ వ్యాసోద్దేశము.

మన పెనుకొండ బాబయ్య ఉరుసు హిజ్రీ మాసముల ననుసరించును. హిజ్రీ సంవత్సరమునకు దినములు సాధారణముగా 354, సౌర సంవత్సరమునకు 365. కనుక ఉరుసు ఏటేటా సుమారు 11 దినములు ముందుగా వచ్చును. ఉగాది యట్లు తొలగిపోదు. 19 ఏండ్లలో 7 అధిక మాసములు చేరి దానిని వసంతమునందే నిలుపును.

ఇక భాగహారము. తెలుగు సంవత్సర నామములు 60. గతించిన శకవర్షములకు 12 కలిపి 60చే భాగింపగా మిగులు శేషమే నామము యొక్క వరుస సంఖ్య. శేషము సున్న యైనచో అక్షయ. 1565 జనవరిలో తళ్ళికోట యుద్ధము జరిగి, పిమ్మట పెనుకొండ విజయనగర రాజధాని యయ్యెను. నాటికి శకము 1486. దానికి 12 కలుపగా 1498, శేషము 58, అనగా రక్తాక్షి. శాసనములందు శకవర్షము, నామము రెండును పొసగనిచో ఎచ్చటనో పొరపాటున్నదని ఈ లెక్కయే చెప్పును.

జావా ద్వీపమున 1633లో సుల్తాన్ అగుంగ్ శక సంఖ్యను విడువకయే హిజ్రీ మాసములను స్వీకరించెను. అచ్చట ఏడు దినముల వారముతో పాటు ఐదు దినముల సంత వారము కూడ కలదు. 5, 7ల కనిష్ఠ సామాన్య గుణిజము 35. ఎనిమిదేండ్ల ఆవృత్తములో మూడు అధిక దినములు చేరి మొత్తము 2835 దినములు, అనగా సరిగా 35×81. కావున ఎనిమిదేండ్లకు సంవత్సరాది మరల అదే జంట వారములందు వచ్చును.

అభ్యాసము: మీ జన్మ సంవత్సరము నుండి 78, ఉగాదికి ముందు పుట్టినచో 79, తీసివేసి సంవత్సర నామమును కనుగొనుడు. పిమ్మట ఇంటి పెద్దల నడిగి సరిచూచుకొనుడు.